"వయసన్నాక మామూలే" అంటారు గానీ… అపోహలు – వాస్తవాలు

నేను జెరియాట్రిక్స్ డాక్టర్ని. అంటే 60 దాటినవాళ్ళ జబ్బులు చూస్తాను. వయసు వివక్ష అనగానే చాలామందికి ఉద్యోగాలూ రిటైర్‌మెంటూ గుర్తొస్తాయి. నాకు రోజూ కనబడేది మాత్రం ఇంట్లో, ఆసుపత్రిలో, బ్యాంకులో జరిగేది. చేసేవాళ్ళు ఎక్కువగా ప్రేమతోనే చేస్తారు. అందుకే ఎదురు చెప్పడానికి పెద్దవాళ్ళకు నోరు రాదు.

అపోహ: నొప్పులు, మతిమరుపు, నీరసం వయసుతో వచ్చేవే.

మా డాక్టర్లలో ఒక పాత జోకుంది. కుడి మోకాలు నొప్పని వెళ్ళిన పెద్దాయనతో డాక్టరు "వయసు కదండీ" అన్నాడట. "ఎడమ మోకాలిదీ అదే వయసు బాబూ, దానికేం లేదే!" అన్నాడట ఆయన.

వయసు వల్ల జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది, నిజమే. కానీ కారణం వెతకడం మానెయ్యడానికి అది సాకు కాదు. మొన్నటిదాకా చీటీల లెక్కలన్నీ నోటితో చెప్పిన మనిషి కొన్ని నెలల్లోనే తడబడుతుంటే థైరాయిడ్, విటమిన్ బి12 లోపం, డిప్రెషన్, కొత్తగా మొదలెట్టిన నిద్రమాత్ర, అన్నీ చూడాలి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి మారిపోయి, పగలు మగతగా ఉండి రాత్రి కలవరిస్తుంటే అది డెలీరియం (ఉన్నట్టుండి బుద్ధి గందరగోళపడటం) కావచ్చు. యూరిన్ ఇన్ఫెక్షన్, న్యుమోనియా, రక్తంలో సోడియం తగ్గడం లాంటివి వెనక ఉంటాయి. అది చాదస్తం కాదు, ఎమర్జెన్సీ. దగ్గినా తుమ్మినా మూత్రం పడటాన్ని ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి దాచుకుంటారు. మూత్రాన్ని బిగబట్టే కటి కండరాల వ్యాయామాలతో చాలామందికి తగ్గే బాధ అది.

డాక్టరు "వయసు" అంటే మర్యాదగానే ఒక మాట అడగండి: "ఇదే బాధతో 40 ఏళ్ళ మనిషి వస్తే ఏం చూసేవారండీ?" అన్ని పరీక్షలూ చేయించమని కాదు. ఎందుకు అక్కర్లేదో అయినా చెప్పాలి కదా.

అపోహ: పెద్దవాళ్ళ తరఫున మనం మాట్లాడితే వాళ్ళకు సులువు.

"అమ్మా, నిద్ర పడుతోందా?" అని నేనడుగుతాను. పక్క కుర్చీలోంచి "బాగానే పడుతోంది సార్" అని కొడుకు జవాబు. ఆవిడ కొంగు అంచు మడతలు పెడుతూ నేల చూస్తుంటుంది. అతన్ని ఎక్స్‌రే తెమ్మని పంపాక మెల్లగా చెబుతుంది: "రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇక తెల్లారేదాకా అంతే నాయనా. వాడు బెంగపడతాడని చెప్పలేదు." కొడుకు మంచివాడే, సెలవు పెట్టి మరీ తీసుకొచ్చాడు.

అయ్యా కొడుకులూ కూతుళ్ళూ, మొదటి జవాబు వాళ్ళని చెప్పనివ్వండి. మిగిలింది తర్వాత మీరు కలపండి. పెద్దవాళ్ళు "ఉండు నాన్నా, నేను చెబుతా" అంటే చాలు, ఎవరూ నొచ్చుకోరు. వినికిడి తగ్గినవాళ్ళతో అరవక్కర్లేదు. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, నిదానంగా మాట్లాడండి. చెవి పరీక్ష కూడా వాయిదా వెయ్యకండి. డిమెన్షియాకు (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బుకు) దారితీసే, మన చేతిలో ఉన్న 14 కారణాల్లో వినికిడి లోపం ఒకటని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది.

అపోహ: పని చెయ్యనివ్వకపోవడమే గౌరవం.

"కృష్ణా రామా అనుకుంటూ కూర్చోండి అత్తయ్యా" అంటారు. కూర్చుంటే కండ కరుగుతుంది, కండ కరిగితే పడిపోతారు. 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళవాళ్ళతో ఎనిమిది వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించారు. కాళ్ళ బలం సగటున రెట్టింపు దాటింది. పది మందితో చేసిన చిన్న అధ్యయనమే, అయినా ఆ వయసులో కండ పెరగదన్న నమ్మకాన్ని అది పోగొట్టింది. కాబట్టి పని లాక్కునే ముందు "ఇందులో నీకు కష్టంగా ఉన్నదేంటి?" అని అడగండి. కింద కూర్చోలేకపోతే కత్తిపీట తీసేసి టేబుల్ మీద చాకు పెట్టండి. కూర మాత్రం ఆవిడే చేస్తుంది.

అపోహ: సరదాగా అనే మాటల్లో ఏముంది?

ఎదుటివాళ్ళ మాటల కన్నా, అవి విని విని మనకు మనం చెప్పుకునేది ఎక్కువ చేటు. "ఈ వయసులో నాకెందుకులే" అని కంటి శుక్లం ఆపరేషన్ వాయిదా వేసేవాళ్ళు, వాకింగ్ మానేసేవాళ్ళు నాకు తరచూ కనబడతారు. అమెరికాలోని ఒహాయోలో 50 దాటిన 660 మందిని ఏళ్ళ తరబడి గమనిస్తే, తమ వయసు గురించి మంచిగా అనుకునేవాళ్ళు సగటున 7.5 ఏళ్ళు ఎక్కువ బతికారని 2002లో తేలింది. ఆలోచన ఒక్కటే ఆయుష్షు పెంచిందని నేననను, కానీ కొట్టిపారేసే తేడా కాదిది.

ఫోన్ వాడటం రాలేదనుకోండి, "ముసలిదాన్ని, నాకేం తెలుసు" బదులు "నాకెవరూ సరిగా నేర్పలేదు" అనండి. నేర్పేవాళ్ళు ఫోన్ లాక్కోకుండా వాళ్ళ వేలితోనే నొక్కించండి.

అపోహ: వయసు వివక్ష ముసలివాళ్ళకే.

"నిన్నగాక మొన్న పుట్టావ్, నీకేం తెలుసు" అన్నదీ ఇదే కోవ. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ని చూసి "పెద్ద డాక్టరు లేరా?" అంటుంటే వినడం మాకు అలవాటైపోయింది.

అపోహ: బయట వివక్ష ఎదురైతే సర్దుకుపోవడమే.

కౌంటర్లో "మీ అబ్బాయిని తీసుకురండమ్మా" అంటే "ఖాతా నాది బాబూ, నాకే చెప్పండి" అనండి. 70 దాటినవాళ్ళకు నగదు ఇవ్వడం, తీసుకోవడం వంటి సేవలు ఇంటి దగ్గరే అందించాలని 2017లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. "65 దాటాయి, పాలసీ రాదు" అనే ఏజెంటు మాటా పాతదే. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆరోగ్య బీమా కొనడానికి ఆ వయసు హద్దు లేదు. ప్రీమియం మాత్రం వాచిపోతుంది, అది వేరే గొడవ.

ఇల్లు పిల్లల పేర రాసిచ్చేవాళ్ళు, తమను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించుకోవాలి. షరతు తప్పితే తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్ళి రద్దు చేయమని అడగొచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14567కి ఫోన్ చెయ్యండి. పెద్దవాళ్ళ కోసం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బు పడదు.