కొన్న ఆటకు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

హనుమకొండ,
కార్తీక పౌర్ణమి మరునాడు.

చిన్నూకు, అమ్ములుకు,

బాపమ్మ దీవెనలు. దసరా సెలవుల్లో మీరు అడిగిన ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ నెల రోజులు మీ నాన్నను అడిగి, చదివి తెలుసుకున్నాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతారని రాస్తున్నాను. మీ దోస్తులకు కూడా చూపించండి, వాళ్ల ఇళ్లలోనూ ఇదే సంగతి నడుస్తోంది.

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం గాలివానకు నెట్ పోయింది కదా. నేనూ మీ అమ్మా తంగేడు, గునుగు పూలు పేరుస్తుంటే చిన్నూ లోపలి గదిలోంచి వచ్చాడు. "బాపమ్మా, నా ఆట తెరుచుకుంటలేదు, లాగిన్ కమ్మంటుంది" అన్నాడు. అది నలుగురితో కలిసి ఆడే ఆట కాదు, ఒక్కడే ఆడుకునేది. నాలుగు నెలలు పైసలు కూడబెట్టి కొన్నాడు. రెండు రాత్రులు డౌన్‌లోడ్ అయి, మొత్తం మన ఇంటి కంప్యూటర్‌లోనే ఉంది. "నా పైసలతోటే కొన్న, నా ముంగటే ఉంది, మల్ల ఎవరినడగాలె?" అన్నావు. బిడ్డా, ఆ ఒక్క మాటలోనే అసలు విషయమంతా ఉంది.

నేను ముప్పై రెండేళ్లు కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. కొత్త పుస్తకం రాగానే దానికి అక్సెషన్ నంబర్, అంటే లైబ్రరీలో చేరిన వరుస నంబర్, వేసి, రిజిస్టర్‌లో ఎక్కించి, మొదటి పేజీ మీద ఒక ముద్ర, లోపల ఎవరికీ చెప్పని ఒక పేజీ మీద ఇంకో ముద్ర కొట్టేదాన్ని. ఆ క్షణం నుంచి అది లైబ్రరీ పుస్తకం. వేసిన ప్రచురణకర్త దుకాణం మూసుకున్నా, రచయిత పోయినా, పుస్తకం బీరువాలోనే ఉంటుంది. మన ఊళ్లో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో పెట్టినది. అలాంటి చోట్ల పాత పుస్తకాలు నిలిచాయంటే కారణం అదే. వాటిని తెరవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, చెదలు పట్టకుండా చూసుకుంటే చాలు.

కంప్యూటర్ ఆట అట్లా కాదు. స్టీమ్, ఎపిక్ లాంటి దుకాణాల్లో డబ్బు కడితే మీకు వచ్చేది ఆట కాదు, ఆడుకునే అనుమతి. దాన్నే లైసెన్స్ అంటారు. ఇది ఎప్పటినుంచో ఒప్పందాల్లో రాసి ఉంది కానీ, ఆ పేజీలు ఎవరూ చదవరు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో దీని మీద చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి, 'కొనండి' అని బటన్ పెట్టే దుకాణం ఇది లైసెన్స్ మాత్రమేనని కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. నెట్ లేకుండా ఎప్పటికీ వాడుకునేలా పూర్తిగా దింపుకోగలిగిన వాటికి ఆ నియమం లేదు. ఆ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను. చట్టం అమల్లోకి రాకముందే, 2024 అక్టోబర్‌లో, స్టీమ్ తన డబ్బు కట్టే పేజీలో ఈ మాట పెట్టేసింది.

అనుమతి అన్నాక, ఇచ్చినవాడు వెనక్కి తీసుకోవచ్చు. యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో 'ద క్రూ' అనే కార్ల ఆట అమ్మింది. ఒంటరిగా ఆడినా దానికి కంపెనీ సర్వర్, అంటే నెట్ అవతల ఉండే వాళ్ల కంప్యూటర్, కావాలి. 2024 మార్చి 31న ఆ సర్వర్లు ఆపేశారు. డిస్క్ కొని బీరువాలో పెట్టుకున్నవాళ్లకు కూడా ఆట పోయింది. డబ్బు పెట్టి కొన్న ఆటను ఇట్లా చంపొద్దని అప్పుడు మొదలైన ఉద్యమానికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. నేను అక్కడుంటే నా సంతకమూ పెట్టేదాన్ని.

ఆట తెరవడానికి ముందు ఇట్లా అనుమతి అడిగే ఏర్పాటునే నేను తాళం అంటున్నాను. అసలు ఈ తాళాలు ఎందుకు వచ్చాయో కూడా తెలియాలి. కంపెనీలది ఉత్త అనుమానం కాదు, ఆటలను నిజంగానే విపరీతంగా కాపీ చేశారు. మీ నాన్న చిన్నప్పటి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'లో మొదటి అంచె దాటగానే ఒక గది నిండా సీసాలు, వాటి మీద అక్షరాలు ఉండేవి. ఆటతో వచ్చిన చిన్న పుస్తకం తెరిచి, అది అడిగిన పేజీలో, అడిగిన వరుసలో, అడిగిన మాట మొదటి అక్షరం చూసి ఆ సీసానే తాగాలి. పుస్తకం ఉన్నవాడే ముందుకు పోతాడు. లైబ్రేరియన్‌గా నాకు ఆ తాళం నచ్చింది, ఎందుకంటే చెవి కొన్నవాడి ఇంట్లోనే ఉంది. కానీ పుస్తకాన్ని జిరాక్స్ తీస్తే ఆ తాళం పోయినట్టే. తర్వాత అసలు సీడీ లోపల ఉంటేనే నడిచే ఆటలు వచ్చాయి. సీడీలనూ కాపీ చేశారు. అప్పుడు కంపెనీలు చెవిని తమ దగ్గరికి తీసుకెళ్లిపోయాయి. స్టీమ్ 2003లో వచ్చింది. మరుసటి ఏడు 'హాఫ్-లైఫ్ 2' ఆటను పెట్టెతో సహా దుకాణంలో కొన్నవాళ్లు కూడా స్టీమ్ పెట్టుకుని, ఖాతా తెరిస్తేనే ఆడగలిగారు.

చెవి అవతల ఉంటే ఏమవుతుంది? 2008లో 'స్పోర్' అనే ఆటను మొదట మూడు కంప్యూటర్లలోనే పెట్టుకోవచ్చన్నారు. ఏ కంప్యూటరో గుర్తుపట్టడానికి ఇలాంటి తాళాలు మదర్‌బోర్డ్, హార్డ్‌డిస్క్ వంటి భాగాల గుర్తులు కలిపి వేలిముద్ర లాంటిదొకటి తయారుచేస్తాయి. భాగం చెడిపోయి మార్చుకుంటే అది మరో కంప్యూటర్ కింద లెక్కకు రావచ్చు. జనం గొడవ చేస్తే మూడును ఐదు చేశారు. 2010 మార్చిలో యూబీసాఫ్ట్ సర్వర్లు పడిపోతే, 'అసాసిన్స్ క్రీడ్ 2' ఒంటరిగా ఆడుకునేవాళ్లు కూడా బయటే ఉండిపోయారు. 2013లో 'సిమ్‌సిటీ' విడుదల రోజుల్లో సర్వర్లు తట్టుకోలేక డబ్బు కట్టినవాళ్లు వరుసలో నిలబడ్డారు. ఏడాది తర్వాత అదే ఆటకు నెట్ లేకుండా ఆడే వీలు ఇచ్చారు. ఇన్నిసార్లూ ఇబ్బంది పడింది నిజాయితీగా కొన్నవాళ్లే. దొంగకాపీ ఆడేవాడికి ఏ సర్వర్‌తోనూ పని లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

తాళం సంగతి ఇంత. నన్ను ఇంకా ఎక్కువ కలవరపెట్టేది రెండోది, మన గురించి వాళ్లు రాసుకునే రిజిస్టర్.

1980లలో వరంగల్‌లో కాలేజీ పిల్లవాడు ఏ పుస్తకం చదువుతున్నాడన్నది చిన్న విషయం కాదు. ఒకరోజు మామూలు బట్టల్లో ఒకాయన వచ్చి, ఫలానా పుస్తకాలు ఎవరెవరు తీసుకెళ్లారో రిజిస్టర్ చూపించమన్నాడు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లను, చేతులు వణికాయి. ప్రిన్సిపాల్ గారి రాత లేకుండా చూపించనని చెప్పి రిజిస్టర్‌ను డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాను. ఆయన మళ్లీ రాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ రిజిస్టర్ నేను పోలీసు కోసం రాసింది కాదు. పుస్తకం తిరిగి రావాలంటే ఎవరి దగ్గర ఉందో తెలియాలి కాబట్టి రాసింది. పుస్తకం తిరిగొచ్చాక ఆ పేరు కొట్టేసేవాళ్లం. పని కోసం రాసుకున్నది పని అయ్యాక ఉండకూడదని నేను నేర్చుకున్నది అప్పుడే.

ఇప్పుడు మీ కంప్యూటర్‌లో లాంచర్ అని మీరు పిలిచేది చూడండి. ఆటలు కొనడానికి, దింపడానికి, కొత్త వెర్షన్లు తేవడానికి అది కావాలి, కాదనను. చాలా లాంచర్లు కంప్యూటర్ వేయగానే తామే లేచి కూర్చుంటాయి. ఏ ఆట ఎన్ని గంటలు, ఏ వేళ ఆడారు, ఏం కొన్నారు, మీ స్నేహితులెవరు, కంప్యూటర్‌లో ఏ భాగాలున్నాయి, ఏ ఊరి నుంచి కలిశారు, ఇవన్నీ వాళ్లకు తెలిసే వీలుంది. అందరూ ఒకే తీరుగా ఉండరు. కంప్యూటర్ భాగాల సర్వే కోసం స్టీమ్ ముందుగా అడుగుతుంది, వద్దంటే మానేస్తుంది. అది మర్యాద. ఎపిక్ లాంచర్ మాత్రం, స్టీమ్ మన కంప్యూటర్‌లో దాచుకునే ఒక ఫైల్‌ను మన అనుమతికి ముందే కాపీ తీసి పెట్టుకుంటోందని 2019 మార్చిలో ఆటగాళ్లు పట్టుకున్నారు. స్నేహితుల జాబితా తెచ్చుకునే సౌకర్యం కోసమని, మనం సరేనంటేనే బయటికి పంపుతామని కంపెనీ చెప్పింది. అయినా అడిగాకే ఆ ఫైల్ ముట్టుకోవాలని, తొందరపెట్టింది తానేనని దాని అధిపతి టిమ్ స్వీనీ ఒప్పుకున్నాడు. అదే కంపెనీ 'ఫోర్ట్‌నైట్' ఆడే చిన్నపిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీసుకుందన్న కేసులో, 2022లో అమెరికా ప్రభుత్వంతో రాజీకొచ్చి 27 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

మన దేశంలోనూ 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. దాని ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లలను వెంటాడి గమనించడం, దాన్నిబట్టి ప్రకటనలు చూపడం కూడదు. అందుకే అమ్ములూ, ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం అబద్ధం రాయకు. పెద్దదానివని రాస్తే, నీ కోసం పెట్టిన కాపలాను నువ్వే తీసేసుకున్నట్టు.

ఇంకొకటి ఉంది, దీన్ని ఖిలా వరంగల్ చూసినవాళ్లకు చెప్పడం తేలిక. బయట మట్టికోట, దాటితే కందకం, లోపల రాతికోట, నట్టనడుమ తోరణాలు. ఎవరైనా మట్టికోట దాకా రావచ్చు. తోరణాల దాకా రావాలంటే ఒకప్పుడు ఎంతమంది కాపలావాళ్లను దాటాలో! కంప్యూటర్ కూడా ఇట్లాగే కట్టి ఉంది. మామూలు ప్రోగ్రాములు బయటి వలయంలో తిరుగుతాయి. నడుమ ఉన్నదాన్ని కెర్నల్ అంటారు, అక్కడ ఉన్నవాడికి అన్నీ కనిపిస్తాయి. మోసం చేసి గెలిచేవాళ్లను పట్టడానికి కొన్ని ఆటలు తమ కాపలావాణ్ని నేరుగా నడుమకే పంపుతున్నాయి. 2020లో 'వాలరెంట్'తో వచ్చిన వాన్‌గార్డ్ అలాంటిది. ఆట తెరవకపోయినా, కంప్యూటర్ వేసినప్పటి నుంచే అది ఉంటుంది. వాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ నడుమ చేరినవాడు తడబడినా కోట మొత్తం కూలుతుంది. 2024 జులైలో క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ తప్పు అప్‌డేట్ ఒకటి పంపితే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి, విమానాలు ఆగిపోయాయి. అంతకుముందు 2005లో సోనీ బీఎంజీ పాటల సీడీల్లో కాపీ తాళం పెట్టింది. సీడీ పెడితే అది లోపల దూరి, తన ఫైళ్లను కనపడకుండా దాచేది. మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు తన కంప్యూటర్‌లోనే దాన్ని కనిపెట్టాడు. ఆ చాటునే కొన్ని వైరస్‌లు కూడా దాక్కున్నాయి. చివరికి కంపెనీ సీడీలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఇక చిన్నూ, ఆ సాయంత్రం నీ దోస్తు పెన్‌డ్రైవ్‌లో తెస్తానన్న క్రాక్, అంటే ఆట తాళం పగలగొట్టే దొంగ ప్రోగ్రాం. తాళాలను ఇంత తిట్టాను కాబట్టి దానికి సరే అంటాననుకోకు. క్రాక్ పెట్టేటప్పుడు ముందు యాంటీవైరస్ ఆపమంటారు. అంటే ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి కోసం మనమే కాపలా తీసి, తోరణాల దాకా దారి ఇస్తున్నాం. మీ నాన్న బ్యాంకు పని చేసేదీ ఆ కంప్యూటర్‌లోనే. పైగా రాసినవాడికి రావాల్సిన పైసలు ఎగ్గొట్టడం నాకు చేతకాదు, జీవితమంతా రచయితల మధ్య బతికినదాన్ని. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, హక్కులను కొల్లగొట్టే ఉద్దేశంతో ఇలాంటి తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు అని రాశారు. అదే చట్టం, సక్రమంగా కొన్న ప్రోగ్రాం చెడిపోకుండా ఒక కాపీ తీసి దాచుకోవడానికి మాత్రం ఒప్పుకుంటుంది.

తాళమే లేకుండా అమ్మేవాళ్లూ ఉన్నారు. పోలండ్ వాళ్ల గాగ్ అనే దుకాణం 2008 నుంచి నడుస్తోంది. అక్కడ కొన్న ఆట ఫైల్‌ను దింపుకుని దాచుకుంటే, నెట్ లేకపోయినా, లాంచర్ లేకపోయినా మళ్లీ పెట్టుకోవచ్చు. కాలిఫోర్నియా చట్టం మినహాయించింది అలాంటి వాటినే. మనుషులను నమ్మి కూడా వ్యాపారం చేయొచ్చని చూపించినందుకు వాళ్లంటే నాకు గౌరవం.

ఈలోపు మీ నాన్నతో కూర్చుని లాంచర్ సెట్టింగ్స్ తెరవండి. కంప్యూటర్ వేయగానే లేచే అలవాటు మాన్పించండి. మీ పేరు, ఆడిన గంటలు, స్నేహితుల జాబితా ముక్కూ మొహం తెలియనివాళ్లకు కనిపించకుండా చేయండి. మీ ఖాతాకు పాస్‌వర్డ్ కాక రెండో తాళంగా ఫోన్‌కు కోడ్ వచ్చే ఏర్పాటు పెట్టండి, ఆ కోడ్ ఎవరడిగినా చెప్పొద్దు. కార్డు నంబర్ అక్కడ దాచి ఉంచొద్దు. కొత్త ఆట కొనేముందు దానికి నెట్ ఎప్పుడూ కావాలా, లోపల ఇంకేదైనా కాపలావాడు వస్తాడా అన్నది ఆ ఆట పేజీలోనే చాలాసార్లు రాసి ఉంటుంది. ధర చూసే ముందు అది చూడండి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పాత హార్డ్‌డిస్క్ తీసుకురండి. ఒక పూట నెట్ ఆపేసి చిన్నూ ఆటలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూద్దాం, ఏవి తెరుచుకుంటాయో, ఏవి అడుక్కుంటాయో నోట్‌బుక్‌లో రాద్దాం. పండుగకు మీ ఇద్దరికీ నచ్చిన తాళం లేని ఆట ఒకటి నేను కొనిస్తాను. దాని ఫైల్ హార్డ్‌డిస్క్‌లో ఎక్కించాక, పైన తెల్ల కాగితం అంటించి అక్సెషన్ నంబర్ 1 అని నా చేత్తో వేస్తాను.

మీ
బాపమ్మ