వెక్టర్ పోతే దాంట్లోని ఆబ్జెక్టులు కూడా పోతాయా?

సీ ప్లస్ ప్లస్‌లో వెక్టర్ (అవసరాన్ని బట్టి పెరిగే జాబితా) ఆయుష్షు తీరినప్పుడు తనలోని ప్రతి ఎలిమెంటుకూ డిస్ట్రక్టర్ (ఆబ్జెక్టు పోయేటప్పుడు నడిచే శుభ్రపరిచే ఫంక్షన్) నడిపి, తాను తీసుకున్న మెమరీని తిరిగిచ్చేస్తుంది. చిక్కల్లా ఎలిమెంటు ఏది అన్నదగ్గరే. ఆబ్జెక్టునే నేరుగా పెడితే అదే ఎలిమెంటు. ఆబ్జెక్టును న్యూ వాడి విడిగా సృష్టించి, దాని చిరునామా అయిన పాయింటర్‌ను పెడితే మాత్రం ఎలిమెంటు ఆ పాయింటరే. చిరునామాల పుస్తకం చించేస్తే ఇళ్లు కూలవు కదా! 64 బిట్ల యంత్రంలో 64 బైట్ల ఆబ్జెక్టులు పది లక్షలుంటే, పాయింటర్లకు సుమారు 8 మెగాబైట్లు, ఆబ్జెక్టులకు 64 మెగాబైట్లు పడతాయి. వెక్టర్ పోయాక ఆ 64 మెగాబైట్లు ఎవరూ విడుదల చేయక అలాగే లీకవుతాయి.

చివర్లో లూప్ పెట్టి మనమే డిలీట్ చేస్తే సరిపోదా? మధ్యలో ఎక్సెప్షన్ (మామూలు దారి తప్పించే లోపం సంకేతం) వస్తే ఆ లూప్ దాకా కోడ్ చేరదు. ఒకే పాయింటర్ రెండు జాబితాల్లో ఉంటే ఒకే ఆబ్జెక్టు రెండుసార్లు డిలీట్ అవుతుంది. అన్నిటికన్నా మోసకారి రిమూవ్ అల్గారిథమ్. క, చ, ట, త అనే నాలుగు పాయింటర్లలో చ వద్దనుకున్నామనుకోండి. రిమూవ్ దేన్నీ తొలగించదు, మిగిలినవాటిని ముందుకు జరుపుతుందంతే. ఆ తర్వాత వెక్టర్ సాధారణంగా క, ట, త, త అని ఉంటుంది. చ చిరునామా చెరిగిపోయింది, దాన్ని ఇక విడుదల చేయలేం. తోకలో మిగిలింది చ అనుకుని డిలీట్ చేస్తే, ఇంకా వాడుకలో ఉన్న త చచ్చిపోతుంది.

అందుకే యాజమాన్యాన్ని, అంటే ఆబ్జెక్టును డిలీట్ చేసే బాధ్యత ఎవరిదన్నదాన్ని, టైపులోనే రాయాలి. 2011 ప్రమాణంలో వచ్చిన యూనిక్ పాయింటర్ ఇందుకోసమే, తాను పోతూ తన ఆబ్జెక్టును తానే డిలీట్ చేస్తుంది. మామూలుగా దాని సైజు ఉత్త పాయింటర్ అంతే. కాపీ చేయనివ్వదు, మూవ్ (యాజమాన్యాన్ని అప్పగించడం) మాత్రమే చేయనిస్తుంది. కాబట్టి వెక్టర్ పెరిగి కొత్త చోటికి మారినా యజమాని ఒక్కరే. దీనికి ముందున్న ఆటో పాయింటర్ కాపీ చేస్తేనే యాజమాన్యం లాగేసుకునేది. కంటైనర్లకు అది పనికిరాలేదు, 2017 ప్రమాణంలో తీసేశారు.

ఇక్కడా రెండు జాగ్రత్తలున్నాయి. వెక్టర్ చివర ఎలిమెంటు చేర్చే ఎంప్లేస్ బ్యాక్‌కు న్యూ ఫలితాన్ని నేరుగా ఇవ్వకండి. వెక్టర్ పెరగడానికి మెమరీ దొరక్క ఎక్సెప్షన్ వస్తే, అప్పటికే పుట్టిన ఆబ్జెక్టుకు యజమాని ఉండడు. ఆబ్జెక్టును పుట్టించి నేరుగా యూనిక్ పాయింటర్‌లో పెట్టిచ్చే మేక్ యూనిక్‌తో తయారుచేసి పుష్ బ్యాక్‌తో చివర చేర్చండి. ఇక బేస్ క్లాస్ యూనిక్ పాయింటర్లలో డిరైవ్డ్ ఆబ్జెక్టులు పెడుతుంటే, బేస్ డిస్ట్రక్టర్ వర్చువల్‌గా (అసలు టైపు డిస్ట్రక్టర్ కూడా నడిచేలా) ఉండి తీరాలి.

నిజంగా యజమానులు ఎక్కువమంది ఉంటేనే షేర్డ్ పాయింటర్ వాడాలి. అది యజమానుల లెక్క ఉంచి, ఆ లెక్క సున్నా అయ్యాకే ఆబ్జెక్టును డిలీట్ చేస్తుంది. రెండు ఆబ్జెక్టులు దాంతో ఒకదాన్నొకటి పట్టుకుంటే లెక్క సున్నాకు రాదు, ఒకవైపు ఆ లెక్కలోకి రాని వీక్ పాయింటర్ పెట్టాలి. కేవలం చూసి వదిలేసే కోడ్‌కు ఉత్త పాయింటర్ చాలు, యజమాని దానికన్నా ఎక్కువకాలం బతికితే.

పాత కోడ్ చేతికొస్తే ముందు మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి నడపండి. రెండోసారి డిలీట్ జరిగిన చోటనే ప్రోగ్రామ్‌ను ఆపి, మొదటిసారి ఎక్కడ డిలీట్ అయిందో కూడా చూపిస్తుంది.