టోనీ చచ్చాడా, బతికాడా? ఎడిటర్‌గా నాకు కనిపించిన అపోహలు - వాస్తవాలు

నేను సీరియళ్లు ఎడిట్ చేస్తాను. ఆ సంగతి తెలిసిన స్నేహితులు ‘ది సోప్రానోస్’ చూడటం అయిపోయిన రాత్రే ఫోన్ చేస్తారు. అందరూ అడిగేది ఒకటే: “ఇంతకీ వాడు చచ్చాడా?”

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2007 జూన్ 10న అమెరికాలో హెచ్‌బీఓ ఛానెల్‌లో ఈ సీరియల్ 86వ ఎపిసోడ్, అంటే ఆఖరిది, వచ్చింది. రాసిందీ తీసిందీ దాని సృష్టికర్త డేవిడ్ చేజ్. న్యూజెర్సీ మాఫియా నాయకుడు టోనీ సోప్రానో హోల్‌స్టెన్స్ అనే చిన్న రెస్టారెంట్‌లో కూర్చుని ఇంటివాళ్ల కోసం ఎదురుచూస్తుంటాడు. భార్య కార్మెలా వస్తుంది, కొడుకు ఏజే వస్తాడు. కూతురు మెడో బయట కారు పార్క్ చేయలేక తంటాలు పడుతుంటుంది. తలుపు గంట మోగుతుంది. టోనీ తలెత్తుతాడు. తెర నల్లబడుతుంది. ఓ పది సెకన్లు ఏమీ ఉండదు, తర్వాత సంగీతం లేకుండా పేర్లు పడతాయి.

అపోహ: అది ప్రసారంలో వచ్చిన లోపం.

ఇప్పుడెవరూ అలా అనరు గానీ, ఆ రాత్రి చాలామంది కేబుల్ పోయిందనే అనుకున్నారు. వాళ్లను చూసి నవ్వలేను. మేం సీన్ ముగించేటప్పుడు బొమ్మనీ సౌండ్‌నీ ఒకే ఫ్రేమ్ దగ్గర కోయడం అరుదు. బొమ్మ ముందు పోతే సౌండ్ కాస్త సాగుతుంది, లేదా తర్వాతి సీన్ సౌండ్ ముందే మొదలవుతుంది. ఎల్-కట్, జె-కట్ అంటాం. ఆ సాగుడు వల్లే చూసేవాళ్లకి కట్ తెలియదు. ఇక్కడ చేజ్ రెస్టారెంట్‌లో మోగుతున్న పాటని కూడా బొమ్మతోపాటే టక్కున తెంచేశాడు. కథ అలా ఆగదు, కరెంటు పోతేనే అలా ఆగుతుంది.

కొత్తలో నేనూ ఒక ఎపిసోడ్ చివర అలాగే కోసి రెండు సెకన్లు బ్లాక్ పెట్టాను. ఛానెల్ క్యూసీ, అంటే ప్రసారానికి ముందు నాణ్యత చూసే విభాగం నుంచి ఫైల్ తిరిగొచ్చింది, ‘బ్లాక్ ఫ్రేమ్స్, ఆడియో డ్రాప్’ అని రాసి. ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆ బ్లాక్ కింద సన్నగా వాన చప్పుడు పరిచి పంపితే పాసైంది. ఆ తర్వాతే చేజ్ చేసిన పనికి ఎంత మొండితనం కావాలో అర్థమైంది.

అపోహ: రెస్టారెంట్ కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషి, టోనీ శత్రువైన న్యూయార్క్ మాఫియా నాయకుడు ఫిల్ లియోటార్డో మేనల్లుడు.

ఎపిసోడ్ వచ్చిన కొద్ది రోజులకే ఒక ఈమెయిల్ చేతులు మారుతూ తిరిగింది. కౌంటర్ దగ్గర ‘మెంబర్స్ ఓన్లీ’ అనే బ్రాండ్ జాకెట్ వేసుకున్నవాడి పేరు నిక్కీ లియోటార్డో అనీ, రెస్టారెంట్‌లో మిగతావాళ్లు కూడా పాత ఎపిసోడ్లలో కనిపించినవాళ్లేననీ అందులో ఉంది. ఒట్టి కట్టుకథ. టైటిల్స్‌లో అతనికి పేరే లేదు, ‘మెంబర్స్ ఓన్లీ జాకెట్ వేసుకున్న మనిషి’ అని మాత్రమే ఉంటుంది. వేషం వేసింది నటుడు కూడా కాదు, పిజ్జా దుకాణం నడిపే ఆయన.

అలాగని జాకెట్‌కి అర్థం లేదనను. ఆరో సీజన్ మొదటి ఎపిసోడ్ పేరే ‘మెంబర్స్ ఓన్లీ’. టోనీ పెదనాన్న జూనియర్ అతన్ని తుపాకీతో కాల్చేది అందులోనే. పైగా ఈ జాకెట్ ఆయన బాత్‌రూమ్‌కి వెళ్తాడు. మాఫియా సినిమాలు చూసినవాళ్లకి వెంటనే 1972 నాటి ‘గాడ్‌ఫాదర్’, అందులో బాత్‌రూమ్‌లో దాచిన తుపాకీ గుర్తొస్తాయి. ఆ టెన్షన్ కావాలనే పెట్టారు. కానీ టెన్షన్ పెట్టినంత మాత్రాన హంతకుడెవరో చెప్పినట్టు కాదు.

అపోహ: షాట్ల వరస చూస్తే చావు లెక్కలా రుజువవుతుంది.

దీన్ని మాత్రం గౌరవిస్తాను. గంట మోగుతుంది, టోనీ తలెత్తుతాడు, అతను చూసింది మనం చూస్తాం. సీన్‌లో ఈ వరస మళ్లీ మళ్లీ వస్తుంది. ఆఖరిసారి గంట, టోనీ మొహం, ఆ తర్వాత అతని చూపు ఉండాల్సిన చోట నలుపు. చూసే కళ్లు లేవు కాబట్టి నలుపు, వినే చెవులు లేవు కాబట్టి నిశ్శబ్దం అన్నది వాదన. దీనికి ఊతం కూడా ఉంది. ఈ ఆఖరి విడత మొదట్లో సరస్సు మీద పడవలో కూర్చుని బావ బాబీ చావు గురించి టోనీతో అంటాడు, అది జరిగేటప్పుడు బహుశా వినపడను కూడా వినపడదేమో అని. చివరి ఎపిసోడ్‌కి ముందుదాంట్లో టోనీ మంచం మీద తుపాకీతో పడుకుని అదే మాట గుర్తు చేసుకుంటాడు. ఊరికే గుర్తు చేయించరు కదా.

అయితే ఈ లెక్కలో ఒక చిల్లు ఉంది. సీన్ అంతా టోనీ కళ్లతో లేదు. మెడో పార్కింగ్ తిప్పలు టోనీకి కనపడవు, మనకి కనపడతాయి. అంటే కెమెరా అతని తలలో బందీ కాదు, కావాలనుకున్నప్పుడు వీధిలోకి వెళ్లొస్తోంది. అతను పోయినా అది ఉండగలదు. కాబట్టి ‘రుజువు’ అనే మాట ఎక్కువ. నన్నడిగితే టోనీ చచ్చాడనే అంటాను, ఆ కట్ పడిన చోటుని బట్టి. కోర్టులో మాత్రం నిలవదు.

అపోహ: ఎలా ముగించాలో తెలియక చేజ్ మధ్యలో వదిలేశాడు.

ఆఖరి సీన్‌కి రెండేళ్ల ముందే తన మనసులో ఇంకో ముగింపు ఉండేదని ఆయనే చెప్పాడు. సీరియల్ టైటిల్స్‌లో టోనీ లింకన్ టన్నెల్ దాటి న్యూజెర్సీకి వస్తాడు కదా, చివర్లో అదే టన్నెల్‌లోంచి వెనక్కి, మన్‌హట్టన్‌లో జరిగే మీటింగ్‌కి వెళ్తాడు, అక్కడ తెర నల్లబడుతుంది. 2019లో వచ్చిన ఇంటర్వ్యూల పుస్తకంలో దీన్ని చెబుతూ ‘చావు సీన్’ అనేశాడు. ఎదుటివాళ్లు ఆ మాట పట్టుకునేసరికి కాసేపు మౌనంగా ఉండి, వాళ్లను తిట్టాడు. 2014లో ఒక విమర్శకురాలు అడిగితే చావలేదు అన్నట్టు వార్త వచ్చింది. దాన్ని సందర్భం తప్పించి రాశారని ఆయన తరఫువాళ్లు వెంటనే ఖండించారు. 2021లో మరో ఇంటర్వ్యూలో, కారులో వెళ్తూ ఒక చిన్న రెస్టారెంట్ చూసి, టోనీ పోవాల్సింది ఇలాంటి చోటే అనిపించిందన్నాడు.

ఆ సీన్‌లో వాళ్లు తినే ఉల్లిపాయ రింగులు చర్చిలో ఇచ్చే ప్రసాదానికి గుర్తన్న వాదన మీద నాకు ఆసక్తి లేదు. మెడో ఆలస్యం సంగతి వేరు. సకాలంలో వచ్చుంటే టోనీ పక్కనే, బాత్‌రూమ్ వైపు అడ్డుగా కూర్చునేదనీ, ఆమె పార్కింగే తండ్రి ప్రాణం తీసిందనీ కొందరంటారు. పార్కింగ్ షాట్లు చేసే పని అంతకంటే సాదా. మెడో ముందుకీ వెనక్కీ తిప్పినన్నిసార్లు లోపలి సీన్ సాగుతుంది, మన ఊపిరి బిగుస్తుంది. చివరికి కారు సరిగ్గా పెట్టి, వీధి దాటి పరిగెడుతుంది. తలుపు తీసింది ఆమేనని గంట చప్పుడు విని మనం అనుకున్నాం. తీసిన మనిషిని మాత్రం చూపించలేదు.