బీచ్‌లో ఇసుక ఎక్కడికి పోయిందంటే

చిన్నూ, బుజ్జీ,

మొన్న విశాఖ ఆర్కే బీచ్‌లో "పోయినసారి ఇసుక ఇంకా చాలా ఉండేది కదా తాతయ్యా, ఏమైపోయింది?" అని అడిగారు. చేతిలో మొక్కజొన్న పొత్తు ఉంది, నోట్లోనూ ఉంది, అందుకే దాటేశాను. సమాధానం మన పోర్టు దగ్గర మొదలవుతుంది.

ఇప్పుడు ఇన్నర్ హార్బర్, అంటే పోర్టు లోపలి భాగం ఉన్నచోట ఒకప్పుడు ఉత్త చిత్తడి. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసేముందు పరుచుకున్న బురద నేల అది, పోటు వస్తే మునిగేది, ఆటుకి తేలేది. పక్కనే డాల్ఫిన్ నోస్ కొండ అడ్డంగా ఉంది కాబట్టి ఓడలకి ఇంతకన్నా మంచి చోటు లేదనుకున్నారు. బురద తవ్వి ఓడలకి దారి (దాన్నే ఛానల్ అంటారు) చేశారు, తవ్విన మట్టిని పక్క పల్లంలో పోసి మెరక చేశారు, అంటే నీళ్లకి లోతూ రైలు పట్టాలకి నేలా ఒకే పనిలో దొరికాయన్నమాట. (పీతలకీ కొంగలకీ అది ఇల్లు, ఆ సంగతి నాలాంటివాళ్లకి చాలా ఆలస్యంగా తట్టింది.) 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. ఇంకో తమాషా, ఛానల్ మూతి దగ్గర అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి, రాళ్లతో నింపి గోడలా వాడుకున్నారు!

తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం జపాన్‌కి పంపాల్సొచ్చింది. పెద్ద ఓడ నిండా సరుకెక్కితే నీళ్లలోకి బాగా దిగిపోతుంది, అడుగు నేలకి తగలకూడదు కదా, అందుకే 1970ల్లో బయట సముద్రంలోకి రాతిగోడలు కట్టి ఔటర్ హార్బర్ చేశారు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మన తీరంలో ఇసుక ఒకచోట ఉండదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దాన్ని ఒడ్డు వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి, చలికాలంలో కొంత వెనక్కి తెస్తాయి, కానీ లెక్క తేలేది ఉత్తరం వైపే. మధ్యలో గోడా, లోతుగా తవ్విన ఛానలూ వచ్చేసరికి దారిలో ఇసుక ఆగిపోయింది. గోడకి ఇవతల, అంటే ఆర్కే బీచ్ వైపు, అలలు తీసుకుపోవడమే తప్ప తెచ్చి పెట్టేది తగ్గిపోయింది. ఆ అడ్డుపడ్డ ఇసుక ఛానల్‌లోకి జారితే ఓడలకీ కష్టమే, అందుకని ముందే ఒక గొయ్యి తవ్వి ఉంచి, అందులో చేరినదాన్ని డ్రెడ్జర్‌తో తోడి, గొట్టాల్లోంచి బీచ్ వైపు కొడతారు. డ్రెడ్జర్ అంటే పొట్టలో పెద్ద తొట్టి ఉన్న ఓడే, అడుగున గొట్టం ఈడ్చుకుంటూ ఇసుకనీ నీళ్లనీ కలిపి పీలుస్తుంది, మీ అమ్మ సోఫా కింద వాక్యూమ్ క్లీనర్ తోసినట్టు. తవ్వకాలు చేసే డ్రెడ్జింగ్ కార్పొరేషన్ 1976లో ప్రభుత్వ కంపెనీగా పుట్టింది, ఆఫీసు మన విశాఖలోనే.

పోర్టు వద్దని నేననను, మన వీధిలో సగం ఇళ్లు దాని జీతం మీదే నడిచాయి. కానీ "ఒకసారి తవ్వేశాం, అయిపోయింది" అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. పోర్టు ఉన్నన్నాళ్లూ ఈ ఇసుక తోడి పోయడం తప్పదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు బైనాక్యులర్ తెండి. డ్రెడ్జర్ కనబడితే అది నిండుగా ఉందో ఖాళీగా ఉందో ఒడ్డునుంచే చెప్పేయచ్చు, ఎలాగో ఆలోచించి పెట్టుకోండి. పొత్తులు నేను కొంటాను.

మీ తాతయ్య