“ఒకటి చేయుచున్నాను” అంటే మిగతావన్నీ మానేయమనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆమదాలవలస దగ్గర ఒక పల్లెలో చిన్న సంఘానికి కాపరిని. ఇరవై ఏళ్లు దాటింది. ఏటా డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక, కొత్త ఏడాదికి ఒక్కో బైబిలు వచనం ఉన్న వాగ్దాన కార్డులు పంచుతాం. ఆ తర్వాత రెండు వారాలు ఫోన్ మోగుతూనే ఉంటుంది. “అయ్యగారూ, ఈ ఏడాది పూర్తిగా దేవుడికే” అంటారు. ఉభాల (వరి నాట్ల) రోజులు వచ్చేసరికి ఆ మాట అన్నవాళ్లలో సగం మంది కనిపించరు. వాళ్లకు ఆసక్తి లేక కాదు. “ఒకటి చేయుచున్నాను; వెనుక ఉన్నవి మరచి... గురి యొద్దకే పరుగెత్తుచున్నాను” అని అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ పత్రికలో రాసిన ఆ గురి అంటే ఏమిటో తప్పుగా అర్థం చేసుకుని, మోయలేనిది నెత్తికెత్తుకుని కూలబడతారు.

అపోహ: చదువు, ఉద్యోగం వదిలి సేవకు వస్తేనే నిజమైన సమర్పణ.

డీఎస్సీకి చదువుతున్న కుర్రాడొకడు పోయిన వేసవిలో పుస్తకాలన్నీ గోనెసంచిలో కట్టి మా అరుగు మీద దించాడు. “ఇవి ఎవరికైనా ఇచ్చేయండి అయ్యగారూ, నేను సేవకు వచ్చేస్తాను.”

“మీ నాన్నకు చెప్పావా?”

చెప్పలేదు. అప్పటికి రెండుసార్లు రాశాడు, రాలేదు. పరీక్ష భయానికే సమర్పణ అని పేరు పెట్టుకున్నాడేమోనని నా అనుమానం.

పౌలు సంగతి ఎత్తాను. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లో ఉండి వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడని అపొస్తలుల కార్యములు 18లో ఉంది. “ఒకటి చేయుచున్నాను” అని ఫిలిప్పీ సంఘానికి రాసినవాడూ ఆయనే. దానియేలు సంగతీ అంతే. దర్యావేషు రాజు కొలువులో ముగ్గురు ప్రధానుల్లో ఒకడు. రోజుకు మూడుసార్లు మోకాళ్లూనేవాడని ప్రతి ప్రసంగంలో చెబుతాం. రాజ్యం పనిలో అతని మీద తప్పు పట్టడానికి శత్రువులు ఎంత వెతికినా ఏమీ దొరకలేదన్న మాట అదే 6వ అధ్యాయంలో ఉన్నా, దాన్ని మాత్రం దాటేస్తాం. ఆఫీసులో ఫైలు సరిగ్గా రాయడం కూడా అతని భక్తిలో భాగమే.

దేవుడు కొందరిని పూర్తికాల సేవకు పిలుస్తాడు, కాదనను. నన్ను పిలిచాడు. కానీ పిలుపు వేరు, పారిపోవడం వేరు. ఆ మూట సాయంత్రానికల్లా వాళ్లింటికి చేర్పించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అపోహ: ఆత్మీయ గురికి కుటుంబం ఆటంకం.

ఇది నేను చేసిన తప్పే. సేవకు వచ్చిన కొత్తలో 21 రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టాను. మధ్యలో మా ఇంటావిడకు జ్వరం వచ్చింది. “దేవుడే చూసుకుంటాడు” అని కూటానికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం. పక్కింటి పెద్దావిడ ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. టైఫాయిడ్. ఆ పెద్దావిడ విశ్వాసి కాదు. నా చేతికి గంజి గిన్నె ఇచ్చి, “మీ దేవుడు మిమ్మల్ని ఇంటికి పంపడా బాబూ?” అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

తన ఇంటివారిని చూసుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతి మొదటి పత్రిక 5:8లో ఉంది. ఆ వచనం మీద అంతకుముందు ప్రసంగం కూడా చేశాను. తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టి, అదంతా “కొర్బాను”, దేవుడికి అర్పించేశాం అనేవాళ్లను యేసు ఎంత గట్టిగా మందలించాడో మార్కు 7లో చదవండి.

అపోహ: వెనుక ఉన్నవి మరచిపోవడమంటే పాత పాపాలు గుర్తు రాకపోవడం.

ఫిలిప్పీ 3వ అధ్యాయం మొదటి నుంచి చదివితే వేరేలా కనిపిస్తుంది. “వెనుక ఉన్నవి మరచి” అనడానికి కాస్త ముందే పౌలు తన గొప్పల జాబితా చెబుతాడు: బెన్యామీను గోత్రం, పరిసయ్యుడు, ధర్మశాస్త్రం విషయంలో నిందలేనివాడు. అవన్నీ గుర్తున్నాయి కాబట్టే రాశాడు. వాటిని లెక్కలోకి తీసుకోవడం మానేశాడు, అంతే. మన దగ్గర ఈ జాబితా వేరేలా ఉంటుంది: “మా తాత కెనడియన్ బాప్టిస్టు మిషన్ దొరల దగ్గర బాప్తిస్మం పొందాడు.” మంచిదే. మరి మనవడు ఎక్కడున్నాడు? బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌదరి గారిని ఇప్పటికీ తలుచుకునేది ఆయన రాసిన కీర్తనల వల్ల. పుట్టుక వల్ల కాదు.

నాగటి మీద చెయ్యి పెట్టి వెనక్కి చూడకూడదని యేసు అన్న మాట కూడా ఇలాగే బిగదీస్తారు. ఇప్పుడంతా ట్రాక్టర్లే గానీ, చిన్నప్పుడు మా నాన్న దున్నుతుంటే చూశాను. మేడి పట్టి, అవతలి గట్టు మీది తాడిచెట్టు మీద చూపు పెట్టి నడిచేవాడు. తల తిప్పితే చాలు వంకర పోతుంది. గట్టు చేరాక మాత్రం ఎడ్లను ఆపి, చుట్ట ముట్టించి, దున్నిందంతా తీరిగ్గా చూసుకునేవాడు. (అప్పటికి మేం విశ్వాసులం కాము.) అలా ఆగినందుకు ఆయన్ని దున్నడం మానేశాడని ఎవరూ అనలేదు.

అపోహ: గురి ఉన్నవాడు పడిపోడు. పౌలే తాను ఇంకా చేరలేదని రాశాడు. ఇంతకన్నా చెప్పేదేం లేదు.

అపోహ: గంటల తరబడి ప్రార్థిస్తేనే ఏకాగ్రత.

పలాసలో సభలకు వెళ్లినప్పుడు జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఒక సహోదరిని కలిశాను. పెంకులోని నూనె పట్టి వేళ్లు నల్లబడ్డాయి, గోళ్ల పక్కన చర్మం లేచిపోయింది. పొద్దున్నే వంట, పిల్లలు, పని. ఆమెకు దొరికేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఒకే ఒక వచనం చదువుకుంటుంది. పిక్కలు కొడుతున్నంతసేపూ దాన్నే మనసులో తిప్పుకుంటుందట. “సాయంత్రానికి అది నాదైపోద్ది అయ్యగారూ” అంది. ఆ రోజు నేను రెండు గంటలు ప్రసంగించాను. అందులో ఏ వచనం నాదైందో ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆమె పాత నోటుబుక్కు తెరిచి పెన్ను ఇచ్చింది. “రేపటిది రాయండి. కాస్త పెద్దక్షరాలతో.”