ఓటు వాడుకరులది, తుది మాట బోర్డుది: వికీమీడియాలో పాత పేచీ

2015 డిసెంబరు 28న, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ధర్మకర్తల బోర్డు తన సభ్యుడు జేమ్స్ హీల్‌మన్‌ను 8–2 ఓట్లతో తొలగించింది. ఆయన కెనడాలో ఎమర్జెన్సీ డాక్టరు, వైద్య వ్యాసాల మీద ఏళ్ల తరబడి శ్రమించిన వికీపీడియను. ఆ ఏడాదే వాడుకరులు (వికీపీడియాలో రాసేవాళ్లు, దిద్దేవాళ్లు) ఓటేసి ఆయన్ని బోర్డుకు పంపారు. ఎందుకు తీసేశారని వాళ్లు అడిగితే, తోటి సభ్యులకు ఆయన మీద నమ్మకం పోయిందన్నంత వరకే జవాబు వచ్చింది.

వికీపీడియాలో అక్షరం మార్చినా ఎవరు మార్చారో ఆ పేజీ చరిత్రలో ఉంటుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా (తెవికీ)లోనూ అంతే, ఏ విధానమైనా ‘రచ్చబండ’ అనే చర్చా పేజీలో అందరి ముందే చర్చకు వస్తుంది. ఆ పద్ధతికి అలవాటుపడినవాళ్లకు గదిలో చేసిన తీర్మానం మింగుడుపడలేదు.

అయితే చట్టం బోర్డు వైపే ఉంది. 2003లో ఫ్లోరిడాలో ఫౌండేషన్ పుట్టినప్పుడు వాడుకరులకు సభ్యత్వం ఉండేది. 2004లో తొలి ఎన్నికలు జరిగాయి. 2006లో నిబంధనలు మార్చి ఆ సభ్యత్వాన్ని ఎత్తేశారు. దాంతో ఎన్నిక ఒక సిఫారసుగా మిగిలింది. నియమించేదీ, తీసేసేదీ బోర్డే. ఈ వివాదానికి మూలం అక్కడుంది.

అమెరికా దాతృత్వ సంస్థ నైట్ ఫౌండేషన్ ఇచ్చిన 2,50,000 డాలర్ల గ్రాంటుతో వికీమీడియా ‘నాలెడ్జ్ ఇంజిన్’ అనే సెర్చ్ ప్రాజెక్టు తలపెట్టింది. దాని పత్రాలు బయటపెట్టమన్నందుకే గొడవ ముదిరిందని హీల్‌మన్ అన్నారు, బోర్డు ఒప్పుకోలేదు. సిబ్బంది విషయాల్లో, కోర్టు వ్యవహారాల్లో గోప్యత అవసరమే. విరాళాలతో నడిచే సంస్థ తీసుకున్న గ్రాంటు ఒప్పందానికి అది వర్తించదు. 2016 ఫిబ్రవరిలో ఆ పత్రం బయటికొచ్చింది. అదే నెలలో వికీమీడియా ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ లీలా ట్రెటికోవ్ రాజీనామా ప్రకటించారు. అంతకుముందు జనవరిలో, బోర్డులోకి కొత్తగా వచ్చిన ఆర్నన్ గెషూరీ మీద వాడుకరులు అవిశ్వాసం ప్రకటిస్తే ఆయన ఆ నెలలోనే తప్పుకున్నారు. ఆ ఓటుకు చట్టబద్ధత లేదు. అయినా వందలమంది బాహాటంగా చెప్పిన మాటను పక్కన పెట్టడం కుదరలేదు.

2017లో వాడుకరులు హీల్‌మన్‌నే మళ్లీ గెలిపించారు. బోర్డు ఆయన్ని నియమించింది.

2024లో ఇదే పేచీ ‘మూవ్‌మెంట్ చార్టర్’ మీదికి, అంటే వికీమీడియాలో ఎవరి బాధ్యతలేంటో చెప్పే నియమావళి ముసాయిదా మీదికి వచ్చింది. కొన్ని అధికారాలు ‘గ్లోబల్ కౌన్సిల్’ అనే కొత్త ప్రతినిధుల సభకు ఇవ్వాలన్నది అందులోని ముఖ్యాంశం. ఓటేసిన వాడుకరుల్లో సుమారు 70 శాతం సరేనన్నారు. బోర్డు కాదంది, చార్టర్ ఆగిపోయింది. ఈసారి మాత్రం తన కారణాలను వివరంగా రాసి అందరి ముందు పెట్టింది.