చేతికెక్కించిన మందు తలకెలా చేరింది?

పిల్లలూ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, "తాతయ్యా, చెల్లికి జబ్బు తలలో అన్నారు, సూదేమో చేతికి గుచ్చారు, మందు పైకెలా వెళ్తుంది?" అని. ఆ టెన్షన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు మన పసి చెల్లి మెనింజైటిస్ (క్రిముల వల్ల మెదడు చుట్టూ ఉండే పొరలకి వచ్చే వాపు) తగ్గి ఇంటికొచ్చేసింది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మన మెదడూ వెన్నుపామూ తేట నీటిలో మునిగి ఉంటాయి. పెద్దవాళ్లలో అది సుమారు 150 మిల్లీలీటర్లు, అప్పుడే పుట్టిన పాపలో 50కి అటూ ఇటూ. రక్తంలో తిరిగేదంతా ఆ నీటిలోకి రాదు. గోల్డ్‌మన్ అనే డాక్టరు జర్మనీలో జంతువుల రక్తంలోకి నీలిరంగు ఎక్కిస్తే ఒళ్లంతా నీలమైంది గానీ మెదడు మాత్రం తెల్లగానే ఉండిపోయింది. 1913లో అదే రంగును ఈ తేట నీటిలోకి ఎక్కిస్తే అప్పుడు మెదడు నీలమైంది. అంటే మధ్యలో ఒక గట్టు ఉందన్నమాట.

గట్టంటే మా చేలగట్టే గుర్తొస్తుంది నాకు. ఇటు బోదె, అటు మడి. బోదె నిండుగా పారుతున్నా మడిలోకి అక్కర్లేని నీరు రాకుండా మా నాన్న అడుసు తీసి, కాలితో తొక్కి, పారతో నున్నగా మెత్తేవారు. బోదె రక్తం అనుకోండి, మడి ఆ తేట నీరు. రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా అతుక్కుని కట్టిన గట్టు అది. చేతికెక్కించిన మందు రక్తంతోపాటు గట్టు దాకా ఇట్టే వచ్చేస్తుంది, కానీ గట్టు బాగుంటే ఆంపిసిలిన్ లాంటి క్రిముల్ని చంపే మందులు లోపలికి చాలా కొద్దిగానే వెళ్తాయి.

మరి చెల్లికెలా వెళ్లింది? క్రిములు లోపల చేరి వాపు తెచ్చేసరికి గట్టు నాని, ఊట మొదలైంది. ఆ ఊటలోనే మందూ దిగింది! జబ్బు పాడుచేసిన చోటి నుంచే మందు లోపలికి వెళ్లిందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

వానాకాలంలో రాత్రిపూట నేను లాంతరు పట్టుకుంటే నాన్న గట్టు వెంట వంగి చూసుకుంటూ నడిచేవారు. బోదె నీటి మీద ఒక గడ్డిపరక ఉన్నచోటే గిర్రున తిరుగుతుంటే దాని కింద పీత బొరియ ఉన్నట్టే. చెయ్యి పెట్టి బురద కూరేవారు. తెల్లారేసరికి ఊట ఆగిపోయేది.

చెల్లి లోపలా అదే జరిగింది. వాపు తగ్గేకొద్దీ గట్టు గట్టిపడుతుంది, మందు లోపలికి వెళ్లడమూ తగ్గుతుంది. అందుకే నాలుగో రోజుకే పాలు తాగుతోంది కదా అని డాక్టర్లు డోసు తగ్గించలేదు. క్రిమిని బట్టి కొందరికి 14 రోజులు, చెల్లిలాంటి వాళ్లకి 21 రోజులు, ఇంకా ఎక్కువ కూడా ఇస్తారు. "ఇంకెన్నాళ్లు గుచ్చుతారు ఆ పసిచేతిని" అని నాన్నమ్మ ఏడ్చింది, నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

గట్టు దాటగలిగితే చాలదు కూడా. క్లోరాంఫెనికాల్ అనే మందు చక్కగా దాటేది, కానీ పసివాళ్ల లివర్ దాన్ని అరిగించుకోలేక ఒళ్లు బూడిదరంగుకి తిరిగి కొందరు చనిపోయారు. ఆ సంగతి 1959లో బయటపడింది. పసిబిడ్డకి మందు ఎంచడం ఎంత జాగ్రత్త పనో చూడండి.

ఇంకోమాట. పరీక్ష కోసం వెన్నులోంచి ఈ తేట నీరు తీస్తే నడుము పడిపోతుందని చుట్టాలు మీ అమ్మని భయపెట్టారు. వెన్నుపాము అయిపోయిన చోటుకి కిందే సూది గుచ్చుతారు. మీరు పెద్దయ్యాక ఎవరినీ అలా భయపెట్టకండి.

రేపు పొద్దున చెల్లి నిద్రపోతున్నప్పుడు కిటికీ పక్కన కూర్చుని దాని మాడు చూడండి, ముట్టుకోవద్దు. పల్చటి చర్మం మెల్లగా లేచి దిగుతుంటుంది. ఆ తేట నీరు దాని కిందే ఉంది. ఆసుపత్రిలో చేర్చిన రోజు అక్కడ ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. ఇప్పుడెలా ఉందో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య